ప్రభువుల సభలో మతాచార్యుని వాక్కు

“నలుగురితో నారాయణ” యని మన పెద్దలు చెప్పుదురు. లోకవ్యవహారమున నది యనుకూలమైన మాటయే. కాని నలుగురును కలిసి త్రోవ తప్పినపుడు అయిదవవాడేమి చేయవలయునను ప్రశ్నకు ఆ సామెతలో జవాబు లేదు. రాజ్యాంగములలో పెద్దల సభ యేల యుండవలయును, అందు మతాచార్యునకు పని యేమి యను విచారమంతయు ఈ అయిదవవాని ప్రశ్నయే యని మేము తలంచుచున్నాము. ఈ విషయమును మా పాఠశాల చదువరుల యెదుట ఉంచుటకు నిట కొంత ప్రయత్నించెదము.

ఇంగ్లండు పార్లమెంటులో రెండు సభలు కలవు. ప్రజలెన్నుకొనునది కామన్సు సభ. ఎన్నికతో పనిలేనిది ప్రభువుల సభ. ఈ రెండవ సభలో ఇంగ్లండు సంఘపు బిషప్పులకు 26 స్థానములు కలవు. 1847లో మాంచెస్టరు నగరమునకు నూతనముగా బిషప్పును నియమించినపుడు చేసిన చట్టముతో ఈ సంఖ్య నిలిచిపోయినది. కాంటర్బరీ, యార్కు ఆర్చిబిషప్పులును, లండను, డర్హాము, వించెస్టరు బిషప్పులును ఆ పదవులనుబట్టియే సభ్యులు. తక్కిన 21 స్థానములు సాధారణముగా వరుసనుబట్టి వచ్చును. 2015లో చేసిన యొక చట్టము స్త్రీ బిషప్పులకు కొంతకాలము ముందు వరుస నిచ్చినది. ఆ యేటనే గ్లాస్టరు బిషప్పు రేచెల్ ట్రీవీక్ గారు ఆ వరుసలో మొదటి స్త్రీగా సభ ప్రవేశించిరి. దినదినమును సభ యారంభించునపుడు ఒక బిషప్పు ప్రార్థన చదువును. అటుపిమ్మట తెల్లని పై వస్త్రముతో తమ బల్లలపై కూర్చుండి, ఇతర ప్రభువులవలెనే ప్రసంగించుటకును, ఓటిచ్చుటకును వారికి హక్కు కలదు.

ఈ సభను మన దేశస్థులు ప్రేమతో తలంచుటకు కారణములు తక్కువ. 1919లో అమృతసరమున నిరాయుధులపై కాల్పులు జరిపించిన డయ్యరు సేనానికి అన్యాయము జరిగినదను తీర్మానమును 1920 జూలైలో ఆ ప్రభువులే 86 ఓట్లకు ప్రతిగా 129 ఓట్లతో నెగ్గించిరి. అట్టి సభలోని ప్రసంగములతో పెన్నాతీరపు విద్యార్థులకేమి పనియని యెవరైన నడుగవచ్చును. మేమిచ్చు జవాబు ఇది: తప్పు చేయగల సభలోనే సత్యము పలుకువాని యవసరము ఎక్కువ. ఆ బిషప్పుల బల్ల చరిత్రలో రెండు దినములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో విషయము స్పష్టమగును.

మొదటిది 1831 అక్టోబరు 8వ తేది. ఓటు హక్కును కొంత విస్తరింపజేసి, జనము లేని పాత నియోజకవర్గములను తొలగించు సంస్కరణ బిల్లు కామన్సు సభలో నెగ్గి ప్రభువుల సభకు వచ్చినది. అనుకూలముగా 158, ప్రతికూలముగా 199 ఓట్లు పడి బిల్లు ఓడిపోయినది. ప్రతికూలముగా నోటిచ్చినవారిలో బిషప్పులు 21 మంది. అనుకూలురు ఇద్దరు మాత్రమే. లెక్క చూడుడు: ఆ 21 మంది అటునుండి యిటు మారినయెడల బిల్లు ఒక్క ఓటుతో నెగ్గియుండెడిది! ప్రజలు దీనిని మరచిపోలేదు. ఆ నెలాఖరున బ్రిస్టలు నగరమున చెలరేగిన యల్లరులలో బిషప్పుగారి భవనము దగ్ధమైనది. దౌర్జన్యమును మేము మెచ్చము. కాని ఎంతోకాలము గౌరవించిన జనము ఆ భవనముపై నేల కోపించెనో గ్రహింపవలయును. తమ స్థానములకు ఆధారమైన పాత యేర్పాటును కాపాడుకొనుటకే వారు ఓటిచ్చిరని జనము తలంచెను.

రెండవది 1944 ఫిబ్రవరి 9వ తేది. ఆనాడు ఓట్ల లెక్కయే లేదు. చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ గారు లేచి ప్రభుత్వమును ఒక ప్రశ్న అడిగిరి, అంతే. ఈయన 1929లో బిషప్పై, తన వరుస వచ్చుదాక కొన్ని సంవత్సరములు వేచియుండి ప్రభువుల సభ ప్రవేశించిరి. 1938 జూలైలో నచట చేసిన ప్రథమోపన్యాసము హిట్లరు బాధలు పడలేక పారిపోయి వచ్చుచున్న కాందిశీకులనుగూర్చియే. యుద్ధము మధ్య 1942లో స్వీడను దేశమునకు వెళ్లినపుడు జర్మను మతబోధకుడైన డీట్రిచ్ బోన్‌హోఫర్ ఆయనను కలిసికొని, హిట్లరును కూలద్రోయ యత్నించుచున్న జర్మనుల వృత్తాంతమును తెలిపెను. ఆ వార్తను బెల్ గారు విదేశాంగ మంత్రి ఈడెనుకు చేర్చిరి. ప్రభుత్వము ఏ విధమైన హామీయు నీయలేదు. జర్మను జనము వేరు, హిట్లరు పక్షము వేరు, ఈ భేదమును ప్రభుత్వము బహిరంగముగా నంగీకరింపవలయునని 1943 మార్చిలో ఆయన ప్రభువుల సభలో వాదించిరి. కావున 1944 నాటి ప్రశ్న ఆవేశమున తోచినది కాదు. ఆరేండ్ల విచారణకు ఫలము.

ప్రశ్న యేమనగా: శత్రుపట్టణములపై వేయుచున్న బాంబుల విషయమున ప్రభుత్వపు విధానమేమి? 1943 జూలైలో హాంబర్గు నగరముపై జరిపిన దాడులలో 30,000కు మించిన జనులు మరణించిరి. పిమ్మట బెర్లినుపై రాత్రి దాడులు సాగుచుండెను. బెల్ గారు శత్రువును వెనుకవేసికొని రాలేదు. వార్సా, రాటర్డాము, లండను, కోవెంట్రీలపై మొదట బాంబులు వేసిన పాపము నాజీలదేయని ఆయన స్పష్టముగా చెప్పిరి. తమ దేశపు వైమానికుల ధైర్యమును పొగడిరి. కర్మాగారములు, రేవులు, సైనికస్థావరములు యుద్ధమున కొట్టదగినవేయని యొప్పుకొనిరి. ఇన్ని యొప్పుకొని, చివరకొక్క మెలిక పెట్టిరి. ఒక పట్టణములో కొట్టదగిన తావులు కొన్ని కలవని చెప్పి, ఇండ్లు, వైద్యశాలలు, గ్రంథాలయములు, దేవాలయములు, స్త్రీలు, పిల్లలతో కూడ పట్టణమంతటిని మాడ్చివేయుట న్యాయమా? గురికిని దెబ్బకును పొంతన యుండవలదా? మనము చట్టముకొరకు పోరాడుచున్నామని చెప్పుచు చట్టమునే విడిచినచో మనకును శత్రువునకును భేదమేమి?

ఈ ప్రశ్న విలువ మన తీరవాసులకు వేరుగ చెప్పనక్కర లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదిని జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ రోజులలో చెన్నపట్టణమునుండి జనులు మూటాముల్లె కట్టుకొని గ్రామములకు తరలిపోయిరి. ఆకాశమునుండి వచ్చు మృత్యువునకు యోధుడు, చంటిబిడ్డ యను విచక్షణ లేదని నాటివారు నేర్చుకొనిరి. చిచెస్టరు బిషప్పు అడిగినది హాంబర్గులోని అట్టి బిడ్డలకొరకే; వారి తండ్రులు ఆయన దేశముతో పోరాడుచున్నవారు.

సభ సంతోషింపలేదు. ఆ రోజు సభలో మంత్రియైన ఊల్టను ప్రభువు ఆయన సమీపమున కూర్చుండి, ఈ ప్రసంగము చేయకున్న బాగుండునని కోరనివాడు ఈ సభలో ఒక్కడును లేడనియు, అయినను మీరు కర్తవ్యమని నమ్మియే దీనిని చేయుచున్నారని యెరుగనివాడును లేడనియు చెప్పెనని ప్రసిద్ధి. వృద్ధుడైన మాజీ ఆర్చిబిషప్పు లాంగు ప్రభువు కొంత మద్దతు పలికెను. ప్రభుత్వ పక్షమున క్రాన్‌బోర్ను ప్రభువు జవాబు చెప్పుచు, జర్మను పట్టణములు యుద్ధసామగ్రి చేయు స్థానములనియు, యుద్ధమును త్వరగా ముగించుటే దయయనియు వాదించి, విధానము మారదని తేల్చెను. అది మారలేదు కూడ. మరుసటి యేడు ఫిబ్రవరిలో డ్రెస్డెను నగరము తగులబడి 25,000 వరకు జనులు మరణించిరి. ఆ ఏప్రిల్ 9వ తేదిని బోన్‌హోఫరును నాజీలు ఉరితీసిరి. 1944 అక్టోబరులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు టెంపులు గారు మరణించినపుడు ఆ పీఠము బెల్ గారికి రాలేదు. ఈ ప్రసంగములే అందుకు కారణమని పలువురు తలంచిరి. ఆయన 1958 వరకు చిచెస్టరులోనే బిషప్పుగా నుండిరి.

ప్రభుత్వ వాదమును తేలికగా త్రోసివేయుట తగదు. ఎదుట హిట్లరు నిలిచియుండెను. ఒక్కొక్క నెల యుద్ధము సాగినకొలది చెరసాలలలో వేలజనులు హతమగుచుండిరి. దేశమును నడుపు భారము మంత్రులది, బిషప్పుది కాదు. ఆ భారము మోయనివాడు నీతి చెప్పుట సులభమని వారనవచ్చును. మరియొక యాక్షేపము కలదు: ఈయనను ఎన్నుకొన్నదెవరు? ప్రజలు తొలగింపజాలనివాడు ప్రజల పేర మాటలాడుటేమి? ఒక్క సంఘమువారికే ఆ స్థానములేల? ఈ రెండవ యాక్షేపము న్యాయమైనదని మేమును ఒప్పుకొందుము. ఏ మతమునకును శాసనసభలో పుట్టుహక్కు నుండరాదు. 1831 నాటి కథ దానికి చాలిన సాక్ష్యము.

కాని మొదటి యాక్షేపమునకు కాలమే జవాబు చెప్పినది. ఒక పట్టణములో విడివిడిగా నున్న సైనిక లక్ష్యములన్నిటిని ఒకే లక్ష్యముగా నెంచి జనావాసముపై బాంబులు కురిపించుట నిషిద్ధమని 1977లో జెనీవా ఒడంబడికలకు చేర్చిన మొదటి అనుబంధ పత్రమున వ్రాసియున్నది. 1944లో సభ వినుటకు కోరని ప్రశ్న ముప్పదిమూడేండ్లకు అంతర్జాతీయ చట్టమునకు విషయమైనది. అది ఆ యొక్క ప్రసంగము వలన వచ్చినదని మేమనము. అయినను ఆ దినమున నెవ్వరును నోరు మెదపకున్నచో, కనినవారందరును ఒప్పుకొనిరని చరిత్ర వ్రాసికొనియుండెడిది.

కావున మా యభిప్రాయము ఇది. మతాచార్యుని సభాప్రసంగమును తూచుటకు ఒక్కటే తూనిక రాయి కలదు: ఆయన యెవరికొరకు మాటలాడెను? తన మందకొరకా, తన బల్లకొరకా, లేక ఆ సభలో ఓటుగాని నోరుగాని లేనివారికొరకా? 1831లో 21 ఓట్లుండియు బిషప్పుల బల్ల చిన్నబోయినది. 1944లో ఒక్క ఓటును కదల్పకయే ఒక బిషప్పు ఆ బల్ల గౌరవమును నిలిపెను.

ఈ తూనిక రాయి మన తీరమునకు క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరక్షామమున, నాడు నెల్లూరు జిల్లాలోనుండిన ఒంగోలులో మిషనరీయైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. అన్నముకొరకు మతము మార్చుకొనిరను మాట రాకుండ కరవు రోజులలో బాప్తిస్మములను నిలిపియుంచిరి. ఆయన యే సభలోను ప్రభువు కారు. అయినను నీతి అదియే: ఎదుటివాని యాకలి తన మందను పెంచుకొను నదను కారాదు.

మన రాజ్యాంగము ఏ మతగురువునకును ఆ పదవినిబట్టి స్థానమీయలేదు. రాజ్యసభకు రాష్ట్రపతి నియమించు 12 మంది సాహిత్యము, శాస్త్రము, కళలు, సంఘసేవలయందు అనుభవము కలవారై యుండవలయును. మన రాష్ట్రపు శాసనమండలిలో ఉపాధ్యాయులెన్నుకొను స్థానములును కలవు. ఈ యేర్పాటు మేలైనదని మా నమ్మిక. ఏలన, పీఠము లేకున్నను వాక్కు ఉండవచ్చును. దీనికి రాజ్యాంగసభయే సాక్షి. అది పెద్దల సభ కాకపోయినను, మద్రాసు రాష్ట్రమునుండి యెన్నికైన జెస్యూటు గురువు జెరోము డిసౌజా గారు అచట సభ్యులుగా నుండిరి. మతమునుబట్టి అల్పసంఖ్యాకులకు శాసనసభలలో స్థానములు ప్రత్యేకించు పద్ధతిని 1949 మేలో తొలగించినపుడు ఆయన ఆ నిర్ణయమును సమర్థించిరి. తన వర్గమునకు లాభమనిపించుదానిని తానే వదలుకొని, ఇరుగుపొరుగువారి సద్భావమును నమ్ముకొనుట! 1831 నాటి బల్లకు ఇది సరిగా ఎదురుదిక్కు.

విద్యార్థులారా, మీ వక్తృత్వ సభలలో గెలుపునకు చప్పట్లే కొలతయని తలంపకుడు. గాలివాటము చూచి తెరచాప యెత్తుట మన రేవులలో పసివాడును నేర్చును. ఎదురుగాలిలో పడవను త్రోవ తప్పకుండ నడుపుటే సరంగు నేర్పు. మీలో కొందరు రేపు పంచాయతీలలోను, శాసనసభలలోను కూర్చుందురు. అచట మీ కులము, మీ మతము, మీ వీధి మీచేత తమ మాట పలికింపజూచును. పలుకుడు, తప్పు లేదు. కాని నెలకొక్కసారియైనను ఆ గదిలో లేనివారి మాట పలుకుడు. ఎదుటి పక్షము చేసిన తప్పును దాచకుడు, మన పక్షము చేయుచున్న తప్పును కప్పకుడు, కోపింపక ప్రశ్న యడుగుడు, జవాబు వచ్చుదాక నిలువుడు. ఓట్ల లెక్కలో నీ పలుకు కనబడకపోవచ్చును. అయినను నలుగురును ఒక త్రోవ పట్టిననాడు అయిదవవాడొకడు నిలిచియుండెనని తరువాతివారికి తెలియుట దేశమునకు చాల యవసరము.