'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' ఎక్కడ ఓడింది?

వస్తువు అభ్యుదయకరమైతే చాలు, రూపం ఎల్లా ఉన్నా పరవాలేదనే వాదం మనలో ఇంకా చావలేదు. విమర్శకులు దాన్ని ఎన్నోసార్లు పాతిపెట్టారు. అది ప్రతిసారీ కొత్త చొక్కా తొడుక్కుని లేచి వస్తూనే ఉంది. దానికి కవల సోదరుడిలాంటి వాదం మరొకటి ఉంది. పెట్టుబడిదారీ కంపెనీ అమ్మిన కళ అంతా అమ్ముడుపోయిన కళేననీ, దాన్ని పరిశీలించటం కాలహరణమనీ అది అంటుంది. మొదటి వాదం పాటలోని మాటలే చూస్తుంది. రెండోది రికార్డు మీది ముద్రే చూస్తుంది. పాట వినటానికి రెండింటికీ తీరిక లేదు.

ఈ రెండూ ఎంత నిరుపయోగమైన వాదాలో తెలుసుకోవటానికి ఇంగ్లండులో లీడ్స్ నగరంలో 1976-77 ప్రాంతాల పుట్టిన 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' అనే రాక్ సంగీత బృందం చరిత్ర పనికొస్తుంది. పేరు చూసి పాఠకులు ఉలిక్కిపడనక్కర్లేదు. 1976 అక్టోబరులో పెకింగులో అరెస్టయిన చియాంగ్ చింగ్, మరి ముగ్గురికీ మన దగ్గర 'నలుగురి ముఠా' అని పేరుపడింది కదా, ఆ పేరునే ఈ నలుగురు కుర్రవాళ్ళు తగిలించుకున్నారు. ఇందులో రాజకీయం కంటే కొంటెతనం పాలే ఎక్కువని నా అనుమానం.

జాన్ కింగ్ పాడేవాడు. ఆండీ గిల్ గిటారు, డేవ్ ఆలెన్ బేస్ గిటారు, హ్యూగో బర్నమ్ డ్రమ్ములు. కింగ్, గిల్ లీడ్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివినవాళ్ళు. టి. జె. క్లార్క్ అనే మార్క్సిస్టు కళాచరిత్రకారుడు 1976లో అక్కడ ఆచార్యుడిగా చేరాడు. ఆయన ఒకప్పుడు సిట్యుయేషనిస్టులనే తీవ్రవాద మేధావుల గుంపులో ఉండి, 1967లో బహిష్కరణకు గురైనవాడు. పెట్టుబడిదారీ సమాజం శ్రమను దోచటంతో ఆగదు, తీరిక సమయాన్ని కూడా సరుకుగా మార్చి మనిషికే తిరిగి అమ్ముతుంది: ఆ గుంపు చెప్పిన విషయాల్లో ముఖ్యమైనది ఇది. మన బృందం పాటలన్నింటికీ మూలధనం ఇదే.

అల్లాగని వాళ్ళ రాజకీయాలు తరగతి గదిలోంచే వచ్చాయనటం అన్యాయం. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కచేరీలో ఎరిక్ క్లాప్టన్ అనే ప్రఖ్యాత గిటారు వాద్యకారుడు, వలస వచ్చినవాళ్ళను వెళ్ళగొట్టాలంటూ ఇనాక్ పవెల్‌ను పొగిడాడు. నీగ్రో జాతి సృష్టించిన బ్లూస్ సంగీతం మీద బతికిన మనిషి అన్న మాట ఇది! దానికి జవాబుగా 'రాక్ ఎగైనెస్ట్ రేసిజం' ఉద్యమం లేచింది. నేషనల్ ఫ్రంట్ అనే ఫాసిస్టు పార్టీ లీడ్స్ వీధుల్లో కండ చూపించుకుంటున్న రోజులవి. ఆ రోజుల్లో ఆ ఉద్యమం వేదికల మీద వీళ్ళు పాడారు.

మొదటి రికార్డు 'డ్యామేజ్డ్ గూడ్స్' 1978లో ఎడింబరోలోని 'ఫాస్ట్ ప్రోడక్ట్' అనే చిన్న సంస్థ తెచ్చింది. దాని అట్ట కథ చెప్పుకోదగ్గది. ఎద్దుతో పోరాడే స్త్రీ ఫోటో వేసి, ఆమెకూ ఎద్దుకూ మధ్య సంభాషణ పెట్టమని బృందం ఉత్తరం రాసింది. మనమిద్దరం వినోద వ్యాపారంలో ఉన్నాం, జనం కోరింది ఇవ్వక తప్పదు, పైగా మామూలు ఉద్యోగం కంటే రెట్టింపు గిడుతుంది అంటుంది ఆమె. ఎప్పుడో ఒకప్పుడు మనం చేసేదానికి మనమే బాధ్యత వహించాలి కదా అంటుంది ఎద్దు. సంస్థ యజమాని ఆ ఉత్తరాన్నే ఉన్నదున్నట్టు అట్ట మీద అచ్చువేశాడు. తరవాతి ఏళ్ళలో ఈ బృందానికి ఏం జరిగిందో దాని ప్రశ్నాపత్రం అప్పుడే తయారైందన్నమాట.

ఆ తరవాత ఏడాది తిరక్కుండానే ఇ.ఎం.ఐ. కంపెనీతో ఒప్పందం. ఇ.ఎం.ఐ. మనకు కొత్త కాదు. ఘంటసాల భగవద్గీత రికార్డు మీద కుక్కబొమ్మ చూసినవాళ్ళకు ఆ బొమ్మ వేసే గ్రామఫోన్ కంపెనీ అప్పట్లో ఇ.ఎం.ఐ.దేనని చెప్పాలి. పాటలతో పాటు సైన్యానికి రాడార్లు కూడా చేసిన కంపెనీ అది. ఎక్కువమందికి చేరాలంటే పెద్ద కంపెనీలోకే పోవాలని బృందం వాదించింది. మన మిత్రులు ఇక్కడే పుస్తకం మూసేసి 'ద్రోహం' అంటారు. నేను అనను. ఎందుకంటే వాళ్ళ అత్యుత్తమ రచన ఆ కంపెనీ ముద్రతోనే వచ్చింది. 1979 సెప్టెంబరులో వెలువడిన 'ఎంటర్‌టెయిన్‌మెంట్!' అనే ఆల్బం అది.

ఆ ఆల్బంలో వస్తువు కొత్తదా? చరిత్రను మహాపురుషులు తయారుచేయలేదని చెప్పే 'నాట్ గ్రేట్ మెన్' అనే పాట ఉంది. శ్రీశ్రీ 'దేశ చరిత్రలు' చదివిన మన కుర్రవాడికి అందులో తెలియంది లేదు. కొత్తదనమంతా మరోచోట ఉంది. రాక్ సంగీతంలో గిటారు వాద్యకారుడు జమీందారులాంటివాడు. పాట మధ్యలో అందరూ తగ్గి నించుంటే ఆయన వైభవం ప్రదర్శిస్తాడు. గిల్ ఆ పని చేయడు. వైభవం రావలసిన చోట వాయించటం ఆపేస్తాడు. ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో బేసూ డ్రమ్మూ నడుస్తాయి. వాద్యానికి వెచ్చదనం రాకూడదని వాల్వు ఆంప్లిఫయర్లు వదిలి ట్రాన్సిస్టరువి వాడాడు. అంచేత గిటారు పాడదు, కోస్తుంది. ఒకడు నాయకుడూ ముగ్గురు బంట్లూ అనే అమరిక అక్కడ లేదు. సమానత్వం గురించి పాడటం వేరు, సమానంగా వాయించటం వేరు.

'ఆంత్రాక్స్' అనే పాటలో ఒక గొంతు ప్రేమ విఫలమైనవాడి గోడు పాడుతుంటే, అదే సమయంలో రెండో గొంతు, రాక్ బృందాలన్నీ ప్రేమ పాటలే ఎందుకు రాస్తాయని పొడిగా ఉపన్యసిస్తుంది. ఏది వినాలో శ్రోతకు తోచదు. 'ఈథర్'లోనూ రెండు గొంతులే. ఒకటి ఇంగ్లండులో సుఖంగా సరుకులు కొనుక్కునేవాడిది. రెండోది ఉత్తర ఐర్లండు జైలు నించి వినిపిస్తుంది. 1971లో విచారణ లేకుండా నిర్బంధించినవాళ్ళలో కొందరిమీద బ్రిటిషు ప్రభుత్వం జరిపించిన ఇంటరాగేషను అమానుషమూ అవమానకరమూ అని 1978 జనవరిలో యూరోపియన్ మానవహక్కుల కోర్టు తీర్పిచ్చింది, చిత్రహింస అనే మాట వాడటానికి మటుకు ఒప్పుకోలేదు. కోర్టు నోట రాని సంగతి ఈ పాటలో రెండు గొంతులు ఒకదాన్నొకటి వినకపోవటంలో వినిపిస్తుంది. దీన్ని వ్యాసంగా రాస్తే వ్యాసం అవుతుంది. కళ కావటానికి ఈ అమరిక కావాలి.

ఆ ఏడే బి.బి.సి. వారి 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమానికి పిలుపొచ్చింది. 'ఎట్ హోమ్ హి ఈజ్ ఎ టూరిస్ట్' పాటలో గర్భనిరోధక తొడుగులకు వాడుకలో ఉన్న ఒక మాట తీసేసి 'చెత్త' అనే అర్థం వచ్చే మాట పెట్టమన్నారు. బృందం వేరే మాటకు ఒప్పుకుంది గాని ఆ మాటకు ఒప్పుకోక బయటికి నడిచింది. పాట హిట్టయ్యే అవకాశం దాంతో పోయింది.

కంపెనీ మటుకు వాళ్ళ పాటల మీద కత్తెర వెయ్యలేదు. వెయ్యవలసిన అవసరం దానికి లేదు. కంపెనీ ముందుగా కొంత సొమ్మిస్తుంది. కళాకారుడి రాయల్టీని ఆ బాకీకి జమకడుతుంది. స్టూడియో ఖర్చూ అతని ఖాతాలోకే పోతుంది. అప్పు తీరేదాకా చేతికి దమ్మిడీ రాదు, రికార్డు హక్కు మాత్రం కంపెనీదే. పంట మీద అప్పిచ్చే షావుకారును చూసినవాడికి ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఇల్లా అప్పులో ఉన్నవాడికి ఎవరూ ఆజ్ఞాపించరు. ఈసారి కాస్త అమ్ముడుపోయేట్టు ఉంటే బాగుండునని అతనికే అనిపిస్తుంది.

1981లో 'సాలిడ్ గోల్డ్' వచ్చింది. ఆ ఏడే ఆలెన్ వెళ్ళిపోయాడు, శారా లీ చేరింది. 1982లో వచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ది ఫ్రీ'లో 'ఐ లవ్ ఎ మ్యాన్ ఇన్ ఎ యూనిఫారం' అనే పాట ఫాక్‌లండ్స్ యుద్ధంతో పాటు వచ్చిపడింది. బి.బి.సి. దాన్ని ప్రసారం చేయకుండా ఆపింది. వస్తువాదులు ఈ నిషేధాన్ని పతకంలా చూపిస్తారు. నా మాట వాళ్ళకు రుచించదు: నిషేధానికి గురైన ఈ పాట నిషేధానికి గురికాని 'ఈథర్' కంటే బలహీనమైంది. మాటల్లో వ్యంగ్యం ఉంది, నిజమే. కాని ఖాళీలు పూడిపోయాయి, వెనక స్త్రీల గొంతులు మెత్తగా అందుకుంటాయి, అమెరికా డాన్సు క్లబ్బుల్లో హాయిగా ఆడుకోవచ్చు. ఆడుకున్నారు కూడా. 1983లో బర్నమ్‌ను పంపించేశారు. ఆ ఏడాది వచ్చిన 'హార్డ్'లో పేరు తప్ప కఠినమైంది లేదు. 1984లో దుకాణం కట్టేశారు. ఈ పతనకాలంలో వాళ్ళ అభిప్రాయాలు మారాయనటానికి నాకు ఆధారం కనిపించదు. మారింది వాయించే తీరు. 'వస్తువు చాలు' అనేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి.

1990ల్లో కింగ్, గిల్ మళ్ళీ కలిసి తెచ్చిన రెండు ఆల్బములను దాటెయ్యవచ్చు. 2004లో పాత నలుగురూ కలిశారు. 2005లో 'రిటర్న్ ది గిఫ్ట్' పేర పాత పాటలనే మళ్ళీ వాయించి రికార్డు చేశారు. ఇ.ఎం.ఐ. అమ్మిన రికార్డుల మీద తమకెన్నడూ డబ్బు రాలేదనీ, పాత అప్పు ఇంకా తీరలేదనీ, అంచేత ఆ కంపెనీకి లాభం పోకుండా ఇల్లా చేశామనీ కింగ్ చెప్పాడు. తన పాటను తానే మళ్ళీ కూలికి వాయించుకుని విడిపించుకోవలసిన గతి! తీరికను సరుకు చేయటాన్ని ఎండగట్టే 'నాచురల్స్ నాట్ ఇన్ ఇట్' 2006లో 'మారీ ఆంత్వానెత్' చిత్రం మొదట్లో వినిపించింది. తరవాత కొన్నేళ్ళకు మైక్రోసాఫ్టు వీడియో ఆట యంత్రం ప్రకటనలో కూడా వినిపించింది. 2011లో 'కంటెంట్' ఆల్బం ప్రత్యేక ప్రతితో సభ్యుల రక్తం ఉన్న చిన్న సీసాలు అమ్మారు. పరిహాసమే కావచ్చు, కాని ధర కట్టిన పరిహాసం. కొద్దికాలానికి కింగ్ విడిపోయాడు. గిల్ ఆ పేరుతోనే కొత్తవాళ్ళతో సాగించి 2020 ఫిబ్రవరి 1న చనిపోయాడు.

అదే ఏడాది జూన్ మొదట్లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యమీద అమెరికా వీధులు రగులుతున్నప్పుడు, 'రన్ ది జ్యుయెల్స్' అనే ర్యాప్ జంట తమ నాలుగో ఆల్బం విడుదల చేసింది. అందులో ఒక పాటకు 'ఈథర్'నించి తీసుకున్న ముక్క పునాది. ఉత్తర ఐర్లండు జైళ్ళ మాటలను వాళ్ళు తీసుకోలేదు. గిల్ గిటారును తీసుకున్నారు.