ప్రయోగశాల నుంచి మందుల దుకాణం వరకు: హార్మోన్ ఔషధ పరిశోధనలో వాణిజ్య భాగస్వామ్యం నేర్పిన పాఠాలు

సికింద్రాబాద్: కూరగాయలు, పండ్లు, కిరాణా సరుకుల క్రయవిక్రయాలకు జంటనగరాలలో పేరెన్నికగన్న మోండా మార్కెట్ పరిసరాలలోని మందుల దుకాణాలలో మధుమేహ రోగులకు ఇన్సులిన్ సూదిమందు, పయోగ్లిటజోన్ వంటి మాత్రలు లభిస్తాయి. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే తార్నాక, హబ్సిగూడ ప్రాంతాలలో జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), సీసీఎంబీ వంటి జాతీయ పరిశోధన సంస్థలు నెలకొని ఉన్నాయి. నగరానికి మరో అంచున, మియాపూర్‌లో, డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు 1990వ దశకంలో ఇన్సులిన్ హార్మోను శరీరంలో మరింత సమర్థంగా పనిచేసేలా చేసే నూతన ఔషధ అణువులను కనుగొన్నారు. అయితే వాటిలో ఒక్కటి కూడా ఈ దుకాణాల అరలకు చేరలేదు. ఆవిష్కరణలకు వాణిజ్య భాగస్వాములను అన్వేషించే ప్రతి సంస్థ ఇందుకు గల కారణాలను పరిశీలించవలసి ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో సాగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహ పీడితుల సంఖ్యను 10.1 కోట్లుగా అంచనా వేసిన నేపథ్యంలో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

టొరంటో చూపిన దారి

హార్మోన్ పరిశోధనకు, పరిశ్రమకు మధ్య తొలి ప్రధాన ఒప్పందం ఇన్సులిన్‌తోనే జరిగింది. 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ జంతువుల క్లోమం నుంచి ఈ హార్మోనును వెలికితీయగా, దానిని రోగులకు ఇవ్వదగిన రీతిలో కోలిప్ శుద్ధి చేశారు. 1922 జనవరిలో తొలిసారిగా ఒక రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. అయితే వేలాది రోగులకు సరిపడా మందు తయారుచేయడం విశ్వవిద్యాలయానికి శక్తికి మించిన పని అయింది. దీనితో అదే సంవత్సరం అమెరికాకు చెందిన ఎలై లిల్లీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. కబేళాల నుంచి క్లోమాలను భారీగా సేకరించి మందు తయారుచేసే బాధ్యతను ఆ కంపెనీ స్వీకరించింది.

శాస్త్రవేత్తలు పేటెంటు హక్కులను ఒక్కొక్కరు ఒక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి బదిలీ చేశారు. లిల్లీకి ప్రత్యేక హక్కులు పరిమిత కాలానికే లభించాయి. ఇతర ఉత్పత్తిదారులకు లైసెన్సులిచ్చే అధికారాన్ని, మందు నాణ్యతను పరీక్షించే అధికారాన్ని విశ్వవిద్యాలయం తనవద్దే ఉంచుకున్నది. టొరంటో అనుమతితోనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ తమ దేశంలో ఇన్సులిన్ ఉత్పత్తికి శ్రీకారం చుట్టారు. ఆ కృషి నుంచి ఎదిగినదే నేటి నోవో నార్డిస్క్ కంపెనీ.

హైదరాబాద్ అణువు, డెన్మార్క్ భాగస్వామి

డెబ్బై ఐదేళ్ల అనంతరం అదే నోవో నార్డిస్క్ భాగస్వామిగా హైదరాబాద్‌కు రావడం విశేషం. డాక్టర్ కె. అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ అప్పటివరకు తెలిసిన మందులను చౌకగా తయారుచేయడంలో పేరు గడించింది. 1970 నాటి పేటెంటు చట్టం అందుకు వీలు కల్పించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005 నుంచి మందులకే పేటెంట్లు వర్తించనున్నందున, సొంత అణువులు లేనిదే మనుగడ కష్టమని అంజిరెడ్డి ముందుగానే గుర్తించారు. ఆ ప్రయత్న ఫలితంగా గ్లిటజోన్ తరగతికి చెందిన బాలాగ్లిటజోన్ రూపొందింది. 1997లో దీని అభివృద్ధి హక్కులను నోవో నార్డిస్క్‌కు లైసెన్సుపై ఇచ్చారు. భారతీయ కంపెనీ కనుగొన్న అణువును విదేశీ కంపెనీ లైసెన్సుకు తీసుకోవడం అదే ప్రథమం. 1998లో రాగాగ్లిటజార్ అణువు కూడా అదే కంపెనీకి వెళ్లింది. 2001లో మరో అణువును స్విట్జర్లాండ్‌కు చెందిన నోవార్టిస్ గరిష్ఠంగా 5.5 కోట్ల డాలర్ల చెల్లింపుల ఒప్పందంతో స్వీకరించింది.

భాగస్వామి వైదొలగితే

2002 జులైలో ఎదురుగాలి మొదలైంది. ప్రయోగశాల జంతువుల మూత్రాశయంలో కణుతులు కనిపించడంతో రాగాగ్లిటజార్ క్లినికల్ పరీక్షలను నోవో నార్డిస్క్ నిలిపివేసింది. ఈ తరగతి మందులన్నింటిపైనా అనుమానాలు పెరిగాయి. జంతువులపై రెండేళ్ల క్యాన్సర్ పరీక్షలు పూర్తికానిదే రోగులపై ఆరు నెలలకు మించిన పరీక్షలు జరపరాదని అమెరికా నియంత్రణ సంస్థ 2004లో నిర్దేశించింది. అదే ఏడాది బాలాగ్లిటజోన్ అభివృద్ధి నుంచి కూడా డెన్మార్క్ కంపెనీ తప్పుకున్నది. నోవార్టిస్‌కు ఇచ్చిన అణువు సైతం మందుగా వెలుగు చూడలేదు.

బాలాగ్లిటజోన్ కథ అంతటితో ముగియకపోవడం గమనార్హం. హక్కులు తిరిగి చేతికి రావడంతో డాక్టర్ రెడ్డీస్ 2005లో డెన్మార్క్‌కే చెందిన రియోసైన్స్‌తో జతకట్టి మూడో దశ పరీక్షల వరకు వెళ్లగలిగింది. 2010లో వెల్లడైన ఫలితాలలో ఈ మందు రక్తంలో చక్కెరను తగ్గించినట్లు తేలింది. అయితే ఆ ఏడాదే గుండెకు ముప్పు భయంతో అదే తరగతికి చెందిన రోసిగ్లిటజోన్‌ను భారత్, ఐరోపా మార్కెట్ల నుంచి తొలగించారు. గ్లిటజోన్లకు ఆదరణ సన్నగిల్లిన ఆ తరుణంలో బాలాగ్లిటజోన్ విపణికి చేరనేలేదు.

తార్నాక అనుభవం

ప్రభుత్వ సంస్థల భాగస్వామ్యాలు ఫలించిన సందర్భాలూ లేకపోలేదు. డాక్టర్ ఎ.వి. రామారావు నాయకత్వంలో ఐఐసీటీ ఎయిడ్స్ మందు జిడోవుడిన్ తయారీ విధానాన్ని రూపొందించి సిప్లాకు అందించింది. 1993లో ఆ మందు తక్కువ ధరకు మార్కెట్‌లోకి వచ్చింది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. జిడోవుడిన్ అప్పటికే రోగులపై నిరూపితమైన మందు కాగా, తయారీ విధానం మాత్రమే కొత్తది. కొత్త అణువుకైతే భద్రతా పరీక్షలు, మూడు దశల క్లినికల్ పరీక్షలు, ఏళ్ల తరబడి పెట్టుబడి అవసరం. ఈ రెండింటికీ ఒకే తరహా ఒప్పందం సరిపోదు.

ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనల మేధో హక్కులపై 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చకుండానే 2014లో ఉపసంహరణకు గురైంది. 2012లో కేంద్రం నెలకొల్పిన బైరాక్ సంస్థ తొలి దశ పరిశోధనలకు నిధులు సమకూరుస్తున్నది. అయినప్పటికీ ఒప్పంద నిబంధనలను రూపొందించే బాధ్యత ప్రధానంగా ఆయా సంస్థలపైనే ఉన్నది.

ముందుచూపే రక్ష

పై అనుభవాల నుంచి మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, ఒప్పందం రోజున ప్రకటించే మొత్తం గరిష్ఠ అంకె మాత్రమే. పరీక్షలు ఒక్కొక్క దశ దాటితేనే అందులో అధికభాగం చేతికి వస్తుంది. రెండవది, దీర్ఘకాలిక భద్రతా పరీక్షలను ఎంత ముందుగా జరిపితే అంతగా నష్టం తగ్గుతుంది. మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, భాగస్వామి తప్పుకుంటే అణువుపై హక్కులు, పరీక్షల సమాచారం ఆవిష్కర్తకు తిరిగి చేరేలా ఒప్పందంలోనే రాసుకోవాలి. టొరంటో తన అధికారాన్ని నిలుపుకోవడం వల్లనే ఇన్సులిన్ అనేక దేశాలకు విస్తరించింది. హైదరాబాద్‌కు హక్కులు తిరిగి రావడం వల్లనే బాలాగ్లిటజోన్‌కు మరో అవకాశం లభించింది.

ఔషధ పరిశోధనలో వైఫల్యం సహజం. దానిని ముందే ఊహించి, కలిసివచ్చినప్పుడు పంచుకోవలసిన లాభంతోపాటు విడిపోయినప్పుడు నిలుపుకోవలసిన హక్కులను కూడా లెక్కలోకి తీసుకునే సంస్థలే నిలదొక్కుకుంటాయి. అప్పుడే ఈ నగరంలో పుట్టిన మందు ఈ నగరపు రోగికి మోండా మార్కెట్ దుకాణంలో అందుబాటు ధరకు లభించగలదు.