కంటి సంగతి ఎందుకు చెప్పరు?

"ఏజెన్సీ వాళ్లు మందులు సగంలో మానేస్తారు." ఈ మాట వినీ వినీ మా చెవులు చిల్లులు పడ్డాయి. ఎందుకు మానేస్తున్నారని అడిగినవాళ్లు ఎందరు?

హెచ్ఐవీ ఉన్నవాళ్లను తరచూ పట్టుకునేది టీబీ. అప్పుడు ఏఆర్‌టీ మాత్రలతో పాటు టీబీ మాత్రలూ మింగాలి. వాటిలో ఎథాంబ్యుటాల్ అనే మందు ఉంటుంది. అది కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు మసకబారుతుంది, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది, ముప్పు పెరుగుతుంది. వెనక కొత్త టీబీ రోగికి దీన్ని రెండు నెలలే ఇచ్చేవారు. 2017 నుంచి రోజువారీ పద్ధతి వచ్చాక ఆరు నెలలూ ఇస్తున్నారు. మందు కాలం పెరిగింది. మరి మన ఊళ్లలో కన్ను చూసేవాళ్లు పెరిగారా?

మేము మందుకు వ్యతిరేకం కాదు. టీబీని వదిలేస్తే ప్రాణం పోతుంది. ఏఆర్‌టీ మానేసి సీడీ4 50 కంటే పడిపోతే సీఎంవీ అనే వైరస్ కంటి లోపలి పొరనే తినేస్తుంది. అలా పోయిన చూపు మళ్లీ రాదు. ఎథాంబ్యుటాల్ దెబ్బ అలా కాదు. తొలినాళ్లలోనే పసిగట్టి డాక్టరు ఆ మందు ఒక్కటి ఆపితే చాలామందికి చూపు తిరిగొస్తుంది. కానీ టీబీ మందులన్నీ కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. చెప్పేవాళ్లు లేక భయపడినవాడు ఆ మాత్ర పక్కన పెడితే వైద్యమంతా పక్కన పెట్టినట్టే. అప్పుడు రిజిస్టర్లో అతని పేరు పక్కన "మానేశాడు" అని రాస్తారు. చెప్పనివాళ్ల పేరు ఏ రిజిస్టర్లో రాస్తారు?

రోగికి అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్నాకే వైద్యం చేయాలని 2017 హెచ్ఐవీ చట్టం అంటోంది. కువి, కోయ, గోండి తప్ప వేరే మాట రాని అవ్వ చేత తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు అవుతుందా?

మేము అడిగేది పెద్ద కోరిక కాదు. మందు మొదలుపెట్టే రోజే కన్ను చూడండి. నెలనెలా రంగుల పటం చూపించి అడగండి. మా భాషలో చెప్పండి. కంటి డాక్టరు దగ్గరికి పోవడానికి బండి ఖర్చు ఇవ్వండి.

టీచర్లకూ, చదువుకున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక మాట. ఎవరికి ఏ జబ్బో మనం అడగొద్దు, ఊళ్లో చెప్పొద్దు. "మాత్రలు వేసుకుంటున్నావు కదా, చూపు బాగుందా? పండుమిర్చి, పచ్చిమిర్చి తేడా తెలుస్తోందా?" అని మాత్రం అడుగుదాం. తేడా తెలియకపోతే ఆ రోజే మాత్రలతో సహా ఆస్పత్రికి తీసుకుపోదాం. అక్కడ డాక్టరు సమాధానం చెప్పేదాకా కదలొద్దు.