కారణాంకాల జత ఊహకు అందవలసినది కాదు



తెలుగు పండితునికి బీజగణితంతో పనేమని మీరు నవ్వవచ్చు. కాని గణితంలోనూ 'సమాసం' ఉన్నది. దానినీ విడదీయవలసినదే. సమాసాలను విడదీయడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి గనుక ఈ చనువు తీసుకుంటున్నాను.

అవ్యక్తరాశిని 'య' అనుకొందాము. య² + 7య + 12 ను విడదీయాలి. "గుణిస్తే 12, కూడితే 7 వచ్చే జతను ఊహించండి" అని చెప్పి ఊరుకోవడం చాలా తరగతులలో వాడుక. నా దృష్టిలో ఆ 'ఊహించండి' అన్న మాటే చేటు. జత తట్టినవాడు మేధావి, తట్టనివాడు మొద్దు అన్న ముద్ర అక్కడే పడుతుంది. ఇంట చెప్పేవారు లేని పిల్ల ఆనాటితోనే లెక్కలకు దండం పెడుతుంది.

ఊహతో నిమిత్తం లేదు. మన సీమలో బండలకు కొదవ లేదు గదా! పన్నెండు చదరపు కడప బండలను దీర్ఘచతురస్రంగా పరచమనండి. ఒక వరుసలో 12, రెండు వరుసలలో ఆరేసి, మూడు వరుసలలో నాలుగేసి – ఇంతే మార్గాలు. పొడవు వెడల్పుల మొత్తాలు వరుసగా 13, 8, 7. కావలసినది 7 గనుక జత 3, 4. విడదీస్తే (య + 3)(య + 4).

గుర్తులు ముందే దారి చూపుతాయి. చివరి పదం ధనమైతే రెండు సంఖ్యలకూ మధ్యపదం గుర్తే. ఋణమైతే గుర్తులు వేరు. అప్పుడు మొత్తం కాదు, భేదం చూడాలి. య² – య – 12 లో భేదం 1 గనుక మళ్ళీ 3, 4 లే. పెద్దదానికి మధ్యపదం గుర్తు. కనుక (య + 3)(య – 4).

య² + 7య + 11 సంగతి? 11 కు 1, 11 తప్ప జత లేదు, మొత్తం 12. కనుక పూర్ణాంకాలలో విడిపోదు. ఈ 'లేదు' కూడా సమాధానమేనని పిల్లలకు చెప్పాలి. వరుసగా వ్రాసి చూచినవాడే ధైర్యంగా 'లేదు' అనగలడు. ఊహించేవాడు తనకే చేతకాలేదని కుమిలిపోతాడు. అటువంటి చోట భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో వివరించిన మధ్యమాహరణము ఉండనే ఉన్నది: మధ్యపదాన్ని విడగొట్టక, వర్గాన్ని పూరించి తొలగించడం.

నంద్యాల కృష్ణరాజునకు 'కళాపూర్ణోదయము' అంకితమిచ్చిన పింగళి సూరన, తన 'రాఘవపాండవీయము'లో ఒకే పద్యం నుండి రామకథను, భారతకథను పలికించాడు. పదాలను ఒక విధంగా విరిస్తే ఒక కథ, మరొక విధంగా విరిస్తే మరొకటి. కావ్యానికి అది శోభ. వర్గ సమాసంలో ఆ అవకాశం లేదు: లబ్ధము, మొత్తము రెండూ కుదిరే జత ఒక్కటే, ఉంటే. ఇంత నిక్కచ్చియైన విషయాన్ని అదృష్టపరీక్షగా మార్చడం న్యాయమా?

గణితోపాధ్యాయ మిత్రులు మీలో ఉంటే నా మనవి ఒక్కటే: నల్లబల్లపై జతలన్నీ వరుసగా వ్రాయించండి. ఆలస్యమైనా సరే.