వెయ్యి వాట్ల మోజు మనకెందుకు?



మన సంఘం పాత మారుతి కారులో స్పీకర్లు చిరిగిపోయాయి. మార్చాల్సిందే, కాదనం. కానీ "వెయ్యి వాట్లవి వేయిద్దాం" అంటే మాత్రం మేము ఒప్పుకోం.

డబ్బా మీద పెద్దగా అచ్చేసే ఆ అంకె పీక్ పవర్. అది క్షణకాలపు లెక్క. చూడాల్సింది ఆర్‌ఎంఎస్. పాత స్టీరియో మీద 50 వాట్లని రాసున్నా, ఒక్కో స్పీకరుకు నిలకడగా ఇచ్చేది 15–20 వాట్లే. బోరులో నీళ్లే లేనప్పుడు పెద్ద మోటారు దించి ఏం లాభం? పావగడ వాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా?

సెన్సిటివిటీ చూడండి. 87 డెసిబెల్స్ బదులు 90 ఉన్నది తెస్తే, వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. 4 ఓమ్‌లవే అడగండి. 2 ఓమ్‌లవి పెడితే పాత స్టీరియో వేడెక్కి పాడవుతుంది. కొనేముందు డోరు లోతు కొలవండి. అద్దం దించినప్పుడు మ్యాగ్నెట్‌కు తగలకూడదు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే బేస్ పోతుంది, మళ్లీ స్పీకర్లనే తిడతాం.

ఇది పెద్దవాళ్లను తుమకూరు ఆసుపత్రికి తీసుకెళ్లే బండి, ఊరేగింపు బండి కాదు. అద్దాలు అదరక్కర్లేదు, మాట స్పష్టంగా వినిపిస్తే చాలు. మిగిలే డబ్బుతో ముందు టైర్లు మార్పిద్దాం. కాదనేవాళ్లు వచ్చే మీటింగుకు ఆర్‌ఎంఎస్ అంకెతో రండి.