ఇంటి పరీక్షార్థిని

ఎం.బి.ఏ. యనబడు వ్యాపారనిర్వహణవిద్యలో చేరుటకు వ్రాయవలసిన పరీక్షలను గూర్చి మా పాఠకురాండ్రు కొందఱు జాబులు వ్రాసియున్నారు. వారిలో పెక్కండ్రు పట్టభద్రురాండ్రు. వివాహమైన పిదప నాలుగైదేండ్లు గృహకృత్యములందుండి మరల చదువదలచినవారు. పాఠములు చెప్పు పుస్తకములు అంగళ్లలో రాసులుగా నున్నవి. అవి చెప్పని సంగతులను గూర్చియే మేమీ నెల వ్రాయుచున్నాము.

మన దేశమున నిట్టి పరీక్షలలో ముఖ్యమైనది క్యాట్. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంట్ సంస్థలు కలిసి దీనిని ఏటేట నవంబరు చివరను నడపుచున్నవి. ఆ సంస్థలలో మొదటి రెండు కలకత్తా, అహమ్మదాబాదులందు 1961లో వెలసినవి. మన విశాఖపట్టణమునకు 2015లో నొకటి వచ్చినది. పట్టపరీక్షయందు నూటికి 50 మార్కులు వచ్చినవారు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు అయినచో 45 వచ్చినవారు, దీనికి కూర్చుండవచ్చును. వయఃపరిమితి లేదు. ఎన్ని మారులైనను వ్రాయవచ్చును. ముప్పదియేండ్లు దాటినవని వెనుదీయు సోదరీమణులు ఈ కడపటి రెండు వాక్యములను మరియొకసారి చదువుకొందురు గాక.

పరీక్ష రెండు గంటలు. ఆంగ్లపఠనము, పట్టికలను చూచి తర్కించుట, గణితము అని మూడు భాగములు. ఒక్కొక్కదానికి 40 నిమిషములు. ఒకటి ముగియక రెండవదానికి పోరాదు, ముగిసినదానికి తిరిగి రారాదు. కావున నలుబది నిమిషములు చిత్తము చెదరక కూర్చుండగలుగుటయే ఇందు మొదటి సాధన. గృహిణికి దొరకనిదియు నదియే. పాలు పొంగును, తలుపు తట్టుదురు, బిడ్డ యేడ్చును, మామగారికి మందు వేళ యగును. దినమునకు నాలుగు గంటలు చదువుచున్నానని యొక సోదరి చెప్పినచో, ఆ నాలుగు గంటలు ఎన్ని తునకలని మేమడుగుదుము. పదేసి నిమిషముల తునకలు ఇరువదినాలుగు చేర్చినను నాలుగు గంటలే యగును గాని, అది పరీక్షకు అభ్యాసము కాదు.

దీనికి తోడు కాలమొకటి. దరఖాస్తులు సామాన్యముగ ఆగస్టులో ఆరంభమగును. అది మనకు శ్రావణము. వరలక్ష్మీవ్రతము, వినాయకచవితి, దసరా, దీపావళి, కార్తికసోమవారములు, ఇన్నియు వరుసగా వచ్చిన పిదపగాని పరీక్ష రాదు. ఇంటి కోడలికి సంవత్సరములో మిక్కిలి పనిగల నాలుగు నెలలును, ఆమె చదువుకొనవలసిన నాలుగు నెలలును ఒక్కటియే. ఈ తేదీలను నిర్ణయించినవారు వంటయింటిని తలచియుండరు. వ్రతములు మానుమని మేము చెప్పము. నైవేద్యమునకు తొమ్మిది రకములకు మారుగా మూడు చేసిన యెడల అమ్మవారు కోపించునని మాత్రము మాకు తోచదు.

అత్తగారితోడను, భర్తతోడను ఆషాఢముననే మాటాడుకొనుట మేలు. ‘నేను చదువుకొందును’ అను మాటకు ఇంటిలో నిశ్చితమైన యర్థము లేదు. ‘తెల్లవారుజామున నాలుగున్నర మొదలు ఆఱున్నరవఱకు నన్నెవ్వరును పిలువరాదు, ఆ పూట కాఫీ మీరే కలుపుకొనవలెను’ అను మాటకు కలదు. వారమునకొకనాడు రెండు గంటలు లేవక పూర్తి పరీక్షను వ్రాసి చూచుకొనవలెను. మేమెఱిగిన యొక యింట అత్తగారే గడియారము పట్టుకొని గుమ్మమున కూర్చుండెడివారు. ఆమెకు ఆంగ్లము రాదు. నలుబది నిమిషములన నెంతసేపో మాత్రము కోడలికంటె బాగుగ తెలిసినది.

ఇక ఆంగ్లపఠనము. 2024 సంవత్సరపు పరీక్షలో మొత్తము 68 ప్రశ్నలకు 24 ఈ భాగమునకు చెందినవి. పెద్ద గద్యభాగములనిచ్చి తాత్పర్యమడుగుదురు. చిన్ననాట భారతభాగవతములను ప్రతిపదార్థముతో చదివిన సోదరి దీనికి జంకనక్కఱలేదు. పద్యమునకు అన్వయము చెప్పునపుడు మనము చేయు పనియేమి? క్రియను పట్టుకొందుము, కర్త యెవరని యడుగుదుము, విశేషణములను వాని విశేష్యములకు చేర్చుదుము, ఆ పిదపగాని తాత్పర్యము చెప్పము. ఇచటను అంతే. రచయిత తనదిగా చెప్పినదేది, ఇతరుల మతముగా చెప్పినదేది, ఖండించినదేది అని వేఱుపఱచుకొన్న యెడల సమాధానములు పెక్కు తామే కనబడును. పూర్వపక్షమును సిద్ధాంతమని భ్రమించువారే ఇందు నష్టపడుదురు. తారుమారైన వాక్యములను వరుసగా కూర్చుమనుటయు కొన్ని యేండ్ల పత్రములలో కలదు. ‘అట్టి’, ‘అయినను’, ‘అతడు’ అను మాటలతో మొదలగు వాక్యము తనకు ముందు మఱియొకదానిని కోరుచుండును. తార్కికులు ఆకాంక్ష యనునది యిదియే కదా.

గణితమును గూర్చి విస్తరింపము. అది చాలవఱకు హైస్కూలు గణితమే. ఇంటిలో పిల్లల పుస్తకములున్న వానితోనే ఆరంభింపవచ్చును.

మార్కుల లెక్కను మాత్రము ముందే గ్రహింపవలెను. సరియైన సమాధానమునకు 3 మార్కులు వేయుదురు. ఇచ్చిన నాలుగింటిలో తప్పుదాని నెన్నుకొన్న 1 తీసివేయుదురు. ఏమియు తెలియక గ్రుడ్డిగా నొకదానిని పట్టిన, నాలుగు మారులలో ఒకమారు మూడు వచ్చును, మూడు మారులు ఒక్కొక్కటి పోవును. లాభము సున్న. రెండు సమాధానములు తప్పని నిశ్చయముగ త్రోసివేయగలిగినచో, మిగిలిన రెండింటిలో నొకటి పట్టుట సగటున 1 మార్కు లాభము. సమాధానమును తామే టైపు చేయవలసిన ప్రశ్నలలో తప్పునకు తీసివేత లేదు. వానిని ఖాళీగా విడుచుట తెలివితక్కువ. ఇక 99 పర్సెంటైల్ అనగా నూటికి 99 మార్కులు కాదు. వ్రాసినవారిలో నూటికి 99 మందిని మించుట. మొత్తము మార్కులలో సగము రాకయే ఆ స్థానము లభించిన యేండ్లు కలవు. కావున ప్రశ్నలన్నిటిని చేసితీరవలెనను పట్టుదల ఇచట హాని చేయును. విస్తరిలో మెతుకు మిగుల్పరాదని పెంచబడిన మనకు ప్రశ్నను విడిచి ముందుకు పోవుట కష్టమే. దానినే అభ్యసింపవలెను.

క్యాట్ మార్కులు ఆ సంవత్సరపు ప్రవేశమునకే చెల్లును. జీమ్యాట్ అను వేఱొక పరీక్ష కలదు. దాని మార్కులు అయిదేండ్లు చెల్లును. 2001లో నారంభమైన హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌వంటి విద్యాలయములును, విదేశములలోని వానిలో పెక్కును దీనిని గ్రహించును. కడుపుతో నున్నవారును, చంటిబిడ్డ తల్లులును ఈ భేదమును గమనింపవలెను: నేడు వ్రాసి, బిడ్డ బడికి పోవు వేళకు చేరవచ్చును. జీమ్యాట్‌ను ఇంటినుండియు వ్రాయవచ్చును గాని, గదిలో మఱియెవ్వరును అడుగిడరాదు, కెమెరా చూచుచుండును. ప్రేమతో మజ్జిగ తెచ్చిన ఆడపడుచు పరీక్షనే రద్దు చేయింపగలదు! గడియలేని తలుపులున్న యింటివారు పరీక్షాకేంద్రమునకు పోవుటయే క్షేమము. మన ఉభయ రాష్ట్రముల ఐసెట్ వీనికంటె సులభము: 200 ప్రశ్నలు, 150 నిమిషములు, తప్పునకు తీసివేత లేదు.

పరీక్ష యైన పిదప దరఖాస్తులో వ్యాసములు కొన్నిచోట్ల, సంభాషణపరీక్ష దాదాపుగ అన్నిచోట్లను ఉండును. ‘ఈ నాలుగేండ్లు ఏమి చేసితిరి?’ అను ప్రశ్న రాక మానదు. వ్యాసములను డబ్బునకు వ్రాసిపెట్టువారు బయలుదేరియున్నారు. వారి వ్యాసములో మీరుండరు. ఎదుట కూర్చుండి మాటాడునపుడు అది బయటపడును. లేని ఉద్యోగమును కల్పించుట అంతకంటె చెడు. ఇల్లు నడపుట కంపెనీ నడపుటవంటిదే యని వ్రాయుటయు మాకు నచ్చదు. ఆ మాట అరిగిపోయినది. ఇంటికి ఎంత అప్పుండెను, ఏ ఖర్చు తగ్గించితిరి, ఎన్ని నెలలలో తీర్చితిరి అని లెక్క వ్రాయుడు. మామగారి ఆసుపత్రి బీమా సొమ్మునకై ఎవరితో ఎన్ని మారులు వాదించితిరో వ్రాయుడు. అవి మీవి.

రుసుము మాట. పాత సంస్థలలో రెండేండ్లకు ఇరువది లక్షలు మించును. ‘ఆ డబ్బుతో చిన్నదాని పెండ్లి చేయవచ్చును’ అనెడి పెద్దలు ప్రతి యింటను కలరు. ఆ మొదటి రెండు సంస్థలు పుట్టిన 1961లోనే వరకట్ననిషేధచట్టమును పుట్టినదని వారికి చెప్పవచ్చును. కేంద్రప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేయబడిన విద్యాసంస్థలలో చోటు దొరకినవారికి తాకట్టును, హామీదారును లేకయే బాంకు ఋణము లభించును. నగలపెట్టె తెఱచుటకు ముందు బాంకునకు పోయి విచారింపుడు.

మఱియొక చిన్న సంగతి. పట్టాలో పుట్టింటి యింటిపేరును, ఆధారు కార్డులో అత్తవారి యింటిపేరును ఉన్న సోదరీమణులు అనేకులు. పేరు మారినవారు వివాహధ్రువపత్రము అసలును పరీక్షకు వెంట తీసికొనిపోవలెను. జీమ్యాట్‌కైనచో పాసుపోర్టులో నున్నట్లే, అక్షరము తప్పక, పేరు నమోదు చేయించుకొనవలెను. వివాహము రిజిస్టరు కానివారు శ్రావణములోపల ఆ పని ముగించుకొందురు గాక. కార్యాలయమునకు భర్తయు రావలసియుండును గనుక ఆయన సెలవు దినమును ఇప్పుడే అడిగి యుంచుకొనుడు.