పులి, పత్తిచేను, ఓ మాస్కు

పులి అంటే మా ఆఫీసులో ఒక వాల్‌పేపరు. ఏటా జులై 29న ఎవరో ఒకరు మెయిలు కొడతారు, 2006లో 1,411 ఉన్న పులులు 2022 లెక్కకి 3,682 అయ్యాయోచ్ అని. అందరం స్మైలీలు పెడతాం. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు.

మా టీములో ఒకతనిది కాగజ్‌నగర్ దగ్గర పల్లె. అతనెప్పుడూ పెట్టలేదు. ఓసారి ఎందుకని అడిగితే, "మా అమ్మ పత్తి ఏరుడుకు పోతది అన్నా" అన్నాడు. అంతే.

ఆ తర్వాతే నేను ఈ వార్తలు సరిగ్గా చదవడం మొదలెట్టాను. 2020 నవంబరు 11న దహెగాం మండలంలో ఓ కుర్రాణ్ణి పులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట మండలంలో పత్తి చేలో ఉన్న అమ్మాయిని. సరిగ్గా నాలుగేళ్ళకి, 2024 నవంబరు 29న, కాగజ్‌నగర్ మండలంలో ఇంకో యువతి... మళ్ళీ పత్తి చేలోనే. మర్నాడే సిర్పూర్ వైపు ఒక రైతు మీద పడింది. ఆయన బతికాడు.

ఇందులో వింతేమీ లేదు. మహారాష్ట్ర తడోబాలో పులులు కిక్కిరిశాయి. అక్కడ పుట్టిన కుర్ర పులులు సొంత జాగా వెతుక్కుంటూ ఇటొస్తాయి. 2012లో టైగర్ రిజర్వు చేసింది కవ్వాల్‌ని, కానీ అవి ముందు దిగేది కాగజ్‌నగర్ అడవుల్లో. అక్కడ అడవి ఎక్కడ ఆగుతుందో చేను అక్కడే మొదలు. నవంబరుకి పత్తి మొక్క నడుమెత్తు, పులికి మంచి చాటు. ఏరేవాళ్ళేమో వంగి ఉంటారు. నిలబడ్డ మనిషిని చూస్తే తప్పుకునే పులికి, వంగిన మనిషి ఏ పశువులాగో కనిపించొచ్చంటారు.

2024 చావు తర్వాత అటవీశాఖవాళ్ళు తల వెనక పెట్టుకోమని మాస్కులు పంచారు. ఈ ఐడియా 1980లలో సుందర్బన్స్‌లో వాడింది. పులి వెనకనుంచి దాడి చేస్తుంది కాబట్టి, వెనక కూడా ఓ మొహం కనిపిస్తే జంకుతుందని. అడవిలోకి నడిచి వెళ్ళేవాళ్ళకి బాగానే ఉంటుందేమో. మరి నడుం వంచి పత్తి ఏరే మనిషికి తల వెనక మాస్కు ఎటు చూస్తుంది? ఆకాశంలోకి! నేను కుర్చీలోంచి లేచి వంగి మరీ చూసుకున్నాను (మా ఆవిడ నడుంనొప్పా అనడిగింది). వేరే ప్రాజెక్టు కోడు ఎత్తుకొచ్చి టెస్టు చేయకుండా ప్రొడక్షన్‌లో పెట్టడమంటే ఇదే. ఏమాటకామాటే, ఎండెక్కాక గుంపుగా వెళ్ళండి, పొద్దు వాలకముందే వచ్చేయండి అన్న సలహా మాత్రం పనికొచ్చేది.

మనుషుల చావులు వార్తలవుతాయి. పశువులు పోవడం కావు. ఆవు పోతే కళేబరం కదపకూడదు, సిబ్బంది వచ్చి చూడాలి, కాగితాలు నడవాలి. నా ట్రావెల్ బిల్లు రెండు వారాలు ఆలస్యమైతే నేను చేసే రభస మా మేనేజరుకి తెలుసు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో దరిగాం దగ్గర రెండు పులులు చచ్చాయి. మొదట అవే కొట్టుకున్నాయన్నారు, తర్వాత విషం పెట్టిన పశువు మాంసం సంగతి బయటపడింది. విషం పెట్టడం నేరమే, నేను సమర్థించను. కానీ మనిషి పోయాక ఇచ్చే పది లక్షల కన్నా, ఆవు పోయిన మర్నాడే చేతిలో పెట్టే డబ్బు పులిని ఎక్కువ కాపాడుతుందని నా నమ్మకం. ఆ డబ్బు స్మైలీలు పెట్టే మనబోటివాళ్ళం కట్టే పన్నులోంచే తీయండి, అభ్యంతరమేముంది?

2025 మేలో అక్కడ కుమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వు అని జీవో ఇచ్చారు. జల్ జంగల్ జమీన్ అన్న మనిషి పేరుతో! మమ్మల్ని ఖాళీ చేయిస్తారని ఆదివాసులు ఆందోళనకి దిగారు, జులైలో దాన్ని ఆపేశారు. "వీళ్ళకి పులులక్కర్లేదు" అన్నాడు లంచ్‌లో ఒకాయన. ఆయనకి మూడు గేట్లున్న అపార్టుమెంటులో ఫ్లాటుంది.

మా కాగజ్‌నగర్ అబ్బాయి పత్తి రోజుల్లో సాయంత్రం ఐదింటికల్లా ఇంటికి ఫోన్ చేస్తాడు. మీటింగు మధ్యలో ఉన్నా లేచి బయటికెళ్తాడు. ఎందుకని ఇప్పుడు నేను అడగను.